90 గ్రాముల సాజ్

2023 సెప్టెంబరులో యునెస్కో వాళ్లు చెక్ దేశంలోని జాటెట్స్ పట్టణాన్ని, దాని చుట్టుపక్కల హాప్ తోటల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. హాప్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పూల తీగ. జర్మన్ భాషలో ఆ ఊరి పేరే సాజ్, అక్కడ పండే హాప్ రకానికీ అదే పేరు. మరుసటి నెలలోనే నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. జాటెట్స్‌తో పాటు జర్మనీలోని హాలర్టావ్, ష్పాల్ట్, టెట్‌నాంగ్, స్లొవేనియాలోని సెల్యే ప్రాంతాల లెక్కలన్నీ చూసి, 2050 నాటికి హాప్ దిగుబడి 4 నుంచి 18 శాతం, పూలలోని ఆల్ఫా ఆమ్లాలు 20 నుంచి 31 శాతం తగ్గుతాయని అంచనా కట్టారు. బీరుకి చేదునిచ్చేవి ఆ ఆల్ఫా ఆమ్లాలే. సన్మానం చేసి శాలువా కప్పిన నెలకే డాక్టరు రిపోర్టు చేతిలో పెట్టినట్టయింది.

ఆ వార్త నాకు పంపింది హైదరాబాద్‌లో ఉండే మా బాబాయి కొడుకు. నేను న్యూరెంబర్గ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ దొరికితే వంటింట్లో బీరు కాస్తుంటానని వాడికి తెలుసు. "అన్నయ్యా, ఇంక నీ బీరు పని అయిపోయినట్టే" అని కింద ఒక ఏడుపు బొమ్మ పెట్టాడు. దానికి జవాబు రాద్దామని కూర్చుంటే అది వాట్సాప్‌లో పట్టేలా లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సాజ్ లాంటి పాత యూరప్ హాప్‌లకి ఎండ కంటే పెద్ద గండం బ్రూవరీల లెక్కల పుస్తకం. మొక్కని అలాగే కాపాడుకుని దాన్ని వాడే తీరు వదిలేస్తే మిగిలేది పేరొక్కటే. మొక్క కొంత మారినా వాడే తీరు నిలబడితే బీరు చాలావరకు నిలబడుతుంది. దీనికి ఎదురు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాటల్లో కొన్ని నాకూ గుచ్చుకుంటాయి. అవీ రాస్తాను.

గుప్పిట్లో వాసన

మా ఊరికి నైరుతి దిక్కున, కారులో గంటలోపు దూరంలో ష్పాల్ట్ అనే చిన్న ఊరుంది. హాప్ మూటల మీద ఊరి ముద్ర వేసుకునే హక్కు 1538లోనే సంపాదించిన ఊరు. అక్కడి బ్రూవరీ ఊరి మునిసిపాలిటీది, అంటే ఊళ్లో వాళ్లందరిదీ. మా తమ్ముడు ఇక్కడికి వచ్చినప్పుడు, కోతల రోజుల్లో వాణ్ణి అక్కడికి తీసుకెళ్లాను. ఏడు మీటర్ల ఎత్తు స్తంభాలు, వాటి మీద తీగల పందిరి, పై నుంచి కిందికి కట్టిన ఒక్కో తీగనీ చుట్టుకుని పాకిన హాప్ మొక్కలు. కోత అయిపోయిన వైపు ఖాళీ స్తంభాలు నిలబడి ఉంటాయి. ట్రాక్టరు తీగల్ని మొదలంటా లాక్కొచ్చి షెడ్డులో పడేస్తుంది, యంత్రం పూలు వేరు చేస్తుంది, ఆ పూలు బట్టీలో ఆరుతాయి. చెట్టు మీదున్నప్పుడు మూడొంతులకు పైగా నీరే ఉన్న పువ్వు, బట్టీ దిగేసరికి పది శాతం తేమకి వచ్చి కాగితంలా గలగలలాడుతుంది.

రైతు ఒక పువ్వు తీసుకుని నిలువునా చీల్చి చూపించాడు. రెక్కల మొదట్లో, మధ్య కాడని ఆనుకుని పసుపుపచ్చటి పొడి. అదే లుపులిన్, హాప్‌లో పనికొచ్చే సరుకంతా అందులోనే. తర్వాత నాలుగైదు పూలు అరచేతుల్లో వేసి గట్టిగా నలిపి, చేతులు దోసిలిలా పట్టి మా తమ్ముడి ముక్కు దగ్గర పెట్టాడు. వాడు రెండుసార్లు పీల్చి, నా వైపు తిరిగి తెలుగులో, "ఏముందన్నయ్యా, గడ్డివాము వాసన" అన్నాడు. వాడేమన్నాడని రైతు అడిగితే నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. "నిజమే, గడ్డే. డిసెంబరులో వచ్చి తాగి చెప్పమను" అన్నాడు.

మా తమ్ముణ్ణి తప్పు పట్టను. వాడికి అలవాటైన హాప్‌లు వేరు. సిట్రా, మొజాయిక్ లాంటి అమెరికా రకాలు నలపక్కర్లేదు, సంచి విప్పితే చాలు, మామిడి, లిచీ, నారింజ తొక్క వాసనలు గది అంతా పరుచుకుంటాయి. వంద గ్రాముల సిట్రాలో ఒకటిన్నర నుంచి మూడు మిల్లీలీటర్ల సుగంధ తైలం ఉంటే, సాజ్‌లో అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు మధ్యలో ఎక్కడో ఉంటుంది. గుప్పిట్లో పెట్టి పోటీ పెడితే సాజ్ ఓడిపోవడం ఖాయం.

కాకపోతే ఆ పోటీయే తప్పు. సాజ్, ష్పాల్ట్, టెట్‌నాంగ్, హాలర్టావ్ మిట్టెల్‌ఫ్రూ, ఈ నలుగురినీ కలిపి వ్యాపారులు నోబుల్ హాప్‌లు అంటారు. వీటి తైలంలో హ్యూములీన్ అనే సువాసన పదార్థం వాటా ఎక్కువ, సాజ్‌లో ఫార్నసీన్ అనే మరొకటి కూడా బాగా ఉంటుంది. సిట్రాలో పెత్తనం మిర్సీన్‌ది. ఇవన్నీ ఎగిరిపోయే గుణమున్నవే. గంటసేపు మరిగితే తైలంలో ఎక్కువ భాగం ఆవిరితో పాటే పోతుంది. మిగిలినది మాత్రం అలాగే ఉండదు. పూలు నిల్వ ఉన్నప్పుడు గాలి తగిలి కొంత, వోర్ట్ అనే మాల్ట్ రసంలో మరిగేటప్పుడు కొంత, ఆ హ్యూములీన్ రూపం మార్చుకుంటుంది. బీరు గ్లాసులో మనకి తగిలే ఆ మిరియం, ఎండిన పూలు, తడి మట్టి కలిసినట్టుండే వాసన చాలావరకు ఆ మారిన సరుకుదే. ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసి, ఇది పప్పులో పనికిరాదని తేల్చేస్తే ఎలా ఉంటుందో, సాజ్‌ని నలిపి చూసి మార్కులు వేయడం అలా ఉంటుంది.

ఇది తెలియక కాదు, తెలిసి కూడా పక్కన పెడుతున్నారని నా ఫిర్యాదు. పోయినసారి హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక మైక్రోబ్రూవరీకి వెళ్లాం. మెనూలో పిల్స్‌నర్ (చెక్ దేశంలోని పిల్జెన్ ఊళ్లో పుట్టిన బీరు) కింద "నోబుల్ హాప్స్‌తో" అని రాసుంది. గ్లాసు దగ్గరికి రాగానే జామపండు వాసన. అక్కడి కుర్రాణ్ణి అడిగితే దాచుకోకుండా చెప్పాడు. సాజ్ వేస్తారట, కానీ పులిసిన తర్వాత ట్యాంకులో అమెరికా హాప్ కూడా వేస్తారట. "లేకపోతే కస్టమర్లు స్మెల్ లేదంటున్నారు సార్." అతను చెప్పిన కారణం న్యాయమైనదే. బీరు కూడా బాగుంది. ఆ గ్లాసులో సాజ్ ఉందో లేదో కనిపెట్టడం మాత్రం ఎవరి తరమూ కాదు.

లెక్క ఎక్కడ తప్పుతోంది

ఇప్పుడు వంటింటి లెక్క ఒకటి చూద్దాం. 20 లీటర్ల పిల్స్‌నర్ కాయాలి. చేదు పాత పిల్జెన్ పద్ధతిలో ఉండాలి, అంటే లీటరుకి 40 మిల్లీగ్రాముల చేదు. మొత్తం 800 మిల్లీగ్రాములు. గంటసేపు మరిగించినా మనం వేసిన ఆల్ఫాలో పావు వంతే బీరులో చేరుతుందనుకుంటే, 3.2 గ్రాముల ఆల్ఫా వేయాలి. మూడున్నర శాతం ఆల్ఫా ఉండే సాజ్‌తో అది 90 గ్రాములు. జర్మనీలో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా వేసే రకం హెర్క్యులస్, దాని ఆల్ఫా 16 శాతం. దాంతో అయితే 20 గ్రాములు చాలు.

రైతు వైపు నుంచి చూస్తే తేడా ఇంకా ఘోరం. సాజ్ హెక్టారుకి టన్నుకి కాస్త పైన పండుతుంది, అంటే సుమారు 40 కిలోల ఆల్ఫా. హెర్క్యులస్ రెండు టన్నుల పైమాటే, అంటే 320 కిలోలు దాటిపోతుంది. చేదు కోసమే హాప్ కొంటున్నాం అనుకుంటే సాజ్ వేసే రైతుని, కొనే బ్రూవరీని ఇద్దరినీ పిచ్చివాళ్ల కింద జమకట్టాలి.

చేదు కోసమే కాదన్నదే నా వాదన. ఆ 90 గ్రాముల్లో 70 గ్రాములు అదనపు పువ్వు. అందులో తైలం ఉంది, వగరునిచ్చే పాలీఫినాల్స్ ఉన్నాయి, ఆల్ఫాకి దాదాపు సమానంగా బీటా ఆమ్లాలున్నాయి. బీటా నేరుగా చేదు ఇవ్వకపోయినా, గాలి తగిలి మారిన బీటా ఇస్తుంది. కాబట్టి సాజ్ చేదు ఒక్క సరుకు నుంచి వచ్చేది కాదు. ఈ కలగలుపంతా ఆల్ఫా పట్టికలో కనిపించదు. 1842 అక్టోబరు 5న పిల్జెన్‌లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ మొదటి పిల్స్‌నర్ కాసినప్పుడు ఆయనకి ఆల్ఫా అంటే ఏమిటో తెలీదు. అప్పటికి ఎవరికీ తెలీదు. దగ్గరలో దొరికే మంచి హాప్ జాటెట్స్‌ది, అదే వేశాడు. చేదుకీ అదే, వాసనకీ అదే. ఈ రోజుకీ ఆ బ్రూవరీ సాజ్‌ని మూడు దఫాలుగా మరిగే వోర్ట్‌లో వేస్తుంది. మన సీసా లాగర్ల కంటే ఎంతో చేదుగా ఉండాల్సిన ఆ బీరు గొంతులో గీసుకోకుండా దిగిపోతుంది.

గీసుకోకపోవడానికి కారణం ఏమిటంటే మాత్రం గొడవ ఉంది. ఆల్ఫాలో కోహ్యూములోన్ అనే భాగం ఎక్కువుంటే చేదు మొరటుగా ఉంటుందని 1972లో రిగ్బీ అనే ఆయన అన్నాడు. నోబుల్ హాప్‌లలో అది తక్కువ. ఇంకేం, తర్వాత యాభై ఏళ్లు హాప్ అమ్మేవాళ్లందరికీ ఆ మాట మంత్రమైంది. తర్వాత పరీక్షలు చేసినవాళ్లలో చాలామందికి ఆ మొరటుతనం కనిపించలేదు. కోహ్యూములోన్ నుంచి వచ్చే చేదు బీరులో కొంచెం ఎక్కువగా నిలుస్తుంది, అంటే మొరటు అనిపించింది బహుశా మోతాదు ఎక్కువై ఉండొచ్చు. కాబట్టి "సాజ్ చేదు మెత్తన, సైన్స్ చెప్పింది" అని ఎవరైనా అంటే నేను తలూపను. నా నాలుకకి మెత్తగానే ఉంటుంది. దానికి కారణం ఆ అదనపు 70 గ్రాములే అని నా ఊహ, అంతకు మించి బల్ల గుద్ది చెప్పలేను.

పక్కదారి పట్టినా ఇక్కడ ఒక మాట. ఇండియా పేల్ ఏల్ అనగానే మనవాళ్లకి ఒక మురిపెం, మన పేరుందని. ఇంగ్లండు నుంచి మద్రాసుకి, కలకత్తాకి నెలల తరబడి ఓడలో వచ్చిన ఆ బీరుల్లో వేసింది కెంట్ జిల్లా గోల్డింగ్స్ లాంటి హాప్‌లే. అవీ తక్కువ ఆల్ఫా ఉన్న పాత సువాసన రకాలే. పీపాలో సరుకు చెడకుండా ఉండాలని కాగులోనూ, పీపాలోనూ దండిగా వేసేవాళ్లు. చేదుకి ఒక రకం, వాసనకి ఒక రకం అని పని విడగొట్టడం 20వ శతాబ్దం అలవాటు.

ఆ అలవాటే ఇప్పుడు రాజ్యమేలుతోంది. చాలా బ్రూవరీల్లో చేదుకి హెర్క్యులస్ లేదా హాప్ ఎక్స్‌ట్రాక్ట్, మరుగు దించే ముందు గుప్పెడు నోబుల్ హాప్, సీసా మీద తోట బొమ్మ. చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. 1516 బవేరియా బీరు శాసనం కూడా హాప్ వేయమందే కానీ ఏ హాపో, ఎంతో చెప్పలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు, ఆ గుప్పెడుతో నాలుగు వందల ఏళ్ల పేరు అమ్ముకోవడమే నాకు నచ్చనిది.

ఇప్పుడు మళ్లీ ఆ అధ్యయనం దగ్గరికి వద్దాం. జాటెట్స్ ప్రాంతం క్రుష్నే హోరీ కొండల చాటున ఉండటంతో ఏడాదికి 450 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. మన అనంతపురానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. అక్కడి చల్లదనమే ఇన్నాళ్లూ ఆ లోటు పూడ్చింది. ఇప్పుడు ఎండలు ముదిరి పూలు ముందే పక్వానికి వస్తున్నాయి, 1990ల ముందుతో పోలిస్తే దాదాపు 20 రోజులు ముందుగా. 2022 ఎండకి చెక్ పంట ఎంత దెబ్బతిందో రైతులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇదంతా నిజమే, తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

అయితే ఆ వార్తలన్నిట్లో ఆల్ఫా తగ్గుదలని "నాణ్యత తగ్గుదల" అని రాశారు. సాజ్ ఆల్ఫా మూడున్నర నుంచి రెండున్నరకి పడిందనుకోండి. నా 20 లీటర్లకి 90 గ్రాముల బదులు 128 గ్రాములు కావాలి. చేదు అంతే, పువ్వు మాత్రం మరో 38 గ్రాములు ఎక్కువ. సువాసన హాప్‌గా చూస్తే అది బీరుకి నష్టమా? మరీ ఎక్కువ పువ్వు వేస్తే వగరు తగులుతుందని కొందరు బ్రూవర్లు అంటారు, ఆ భయం అర్థం లేనిది కాదు. కానీ అసలు దెబ్బ రుచికి తగలదు, ఖర్చుకి తగులుతుంది. దిగుబడి తగ్గుతుంది, అవసరం పెరుగుతుంది, ధర లేస్తుంది. అప్పుడు బ్రూవరీ అకౌంటెంటు చేతిలో హెర్క్యులస్ డబ్బా సిద్ధంగా ఉంటుంది. హాప్ ఒప్పందాల్లో ఆల్ఫా తగ్గితే రైతుకి ధర కోసే షరతులూ ఉన్నాయి. వాసన కోసం కొంటున్నామని చెప్పే సరుకుకి చేదు తగ్గిందని కోత పెట్టడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

మొక్క ఎవరిది, ఊరు ఎవరిది

నా వాదనకి అసలైన ఎదురుదెబ్బ ఇక్కడుంది. వాడే తీరే ముఖ్యం, మొక్క కొంత మారినా ఫర్వాలేదు అంటే, మరి అంత ప్రత్యేకమైన నేల, అంత పాత మొక్క ఎందుకు? జాటెట్స్ పేరుని యూరోపియన్ యూనియన్ చట్టంతో ఎందుకు కాపాడుతోంది?

ముందు మొక్క సంగతి. ఈ రోజు మనం సాజ్ అని కొనేది వెయ్యేళ్ల నాటి మొక్క కాదు. 1920ల చివర్లో కారెల్ ఓస్వాల్డ్ అనే చెక్ శాస్త్రవేత్త పాత తోటల్లో తిరిగి, కలగాపులగంగా ఉన్న మొక్కల్లోంచి మంచివి ఏరి క్లోన్లు తయారుచేశాడు. ఇప్పటి సాజ్ తోటలు ఎక్కువగా ఆయన ఏరిన 31, 72, 114 నంబర్ల సంతానమే. ఆ తర్వాత వాటిలోని వైరస్‌ని కూడా తీసేశారు. తాతల నాటి తోటలో ఉన్న వైవిధ్యం దీంతో పోయింది. దాన్ని పాపం అని ఎవరూ అనలేదు, ఎందుకంటే బ్రూవర్లకి అదే వాసన, అదే పని దొరికింది.

మనుషుల సంగతి ఇంకా విచిత్రం. 1945 వరకు సాజ్ ప్రాంతంలో హాప్ వేసినవాళ్లు చాలావరకు జర్మన్ మాట్లాడేవాళ్లు. యుద్ధం అయ్యాక వాళ్లని దాదాపు అందరినీ వెళ్లగొట్టారు. తోటలు కొత్తవాళ్ల చేతికి వచ్చాయి. మా న్యూరెంబర్గ్‌కీ ఇలాంటి కథే ఉంది. 19వ శతాబ్దంలో ప్రపంచ హాప్ వ్యాపారానికి ఈ ఊరు కేంద్రం, వ్యాపారుల్లో చాలామంది యూదులు. నాజీలు వాళ్ల గోదాములు లాక్కున్నారు, మనుషుల్ని తరిమారు, చంపారు. ఇక్కడి వీధుల్లో ఆ పాత హాప్ గోదాముల ముందు నుంచి నడిచినప్పుడల్లా "వారసత్వం" అన్న మాట నోట్లో ఇబ్బందిగా తిరుగుతుంది. నా వాదనకి ఇది అనుకూలం కూడా కాదు. పండించే చేతులు మారాయి, అమ్మే చేతులు మారాయి, అయినా జాటెట్స్ ఎర్ర నేలలో సాజ్ సాజ్‌లాగే పండింది. అంటే తీరు కాదు, మొక్కా నేలా కలిసే దాన్ని నిలబెట్టాయని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

కానీ స్లొవేనియాలో చూడండి. అక్కడి సవిన్యా లోయలో పండి స్టిరియన్ గోల్డింగ్ అనే పేరుతో ప్రపంచమంతా తిరిగే హాప్, తీరా చూస్తే గోల్డింగే కాదు. ఇంగ్లండు నుంచి తెచ్చినప్పుడు గోల్డింగ్ అనుకున్నారు, అది ఫగుల్ అనే మరో రకం. తప్పు పేరుతో వచ్చిన మొక్క అక్కడి నేలలో తనకంటూ ఒక రుచి తెచ్చుకుంది, బెల్జియం బ్రూవర్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మొక్క వంశవృక్షం ఎవరూ అడగలేదు.

హాలర్టావ్‌లో కథ ఇంకో రకం. మిట్టెల్‌ఫ్రూకి వెర్టిసిలియం అనే వడలు తెగులు పట్టి, 1950ల నుంచి తోటలకి తోటలే పోయాయి. 1920ల బూజు తెగులు దెబ్బకి 1926లో పుట్టిన హ్యుల్ పరిశోధన కేంద్రం, దాని బదులు తెగులు తట్టుకునే కొత్త రకాలు ఇచ్చింది. పెర్లే, హాలర్టావర్ ట్రెడిషన్ అలా వచ్చినవే. మిట్టెల్‌ఫ్రూ అసలుకే పోలేదంటే, బోస్టన్ బీర్ అనే అమెరికా బ్రూవరీ స్థాపకుడు జిమ్ కోచ్ లాంటి కొనేవాళ్లు పట్టుబట్టి అదే కావాలనడం ఒక కారణం. ఆయన ఏటా హాలర్టావ్‌కి వచ్చి, పూలు నలిపి, వాసన చూసి కొంటాడని అందరికీ తెలుసు. ఒక అమెరికన్ పంతం ఒక జర్మన్ మొక్కని నిలబెట్టింది. ఇక్కడ కూడా మొక్కని కాపాడింది కొనే తీరే.

జాటెట్స్ పరిశోధన కేంద్రం కూడా ఇప్పుడు సాజ్ పోలికలతో, ఎండని ఇంకా బాగా తట్టుకుని ఎక్కువ పండే రకాలు వదులుతోంది. సాజ్ స్పెషల్, సాజ్ లేట్, సాజ్ షైన్, సాజ్ కంఫర్ట్. పేరులో సాజ్ పెట్టుకోవడం మీద పెదవి విరిచేవాళ్లున్నారు. నేను విరవను.

ఐపీఎల్ ఫైనల్ రోజు

సిద్ధాంతం సరే, నోటికి తెలుస్తుందా? చలికాలంలో రెండు విడతల బీరు కాశాను. మాల్ట్ ఒకటే, ఈస్ట్ ఒకటే, చేదు మోతాదు ఒకటే. ఒకదానికి మొదటి నుంచి చివరి దాకా ష్పాల్ట్. రెండోదానికి చేదు కోసం మాగ్నమ్ (హెర్క్యులస్ లాంటి ఎక్కువ ఆల్ఫా రకం), చివర్లో కొంచెం ష్పాల్ట్. వారాల తరబడి చల్లగా నిల్వ పెట్టి, ఐపీఎల్ ఫైనల్ చూడటానికి ఇక్కడి తెలుగు స్నేహితులు వచ్చినప్పుడు రెండు జగ్గుల్లో పోసి, ఏది ఏదో చెప్పకుండా టేబుల్ మీద పెట్టాను.

మొదటి గుక్కకి ఎవరికీ తేడా తెలీలేదు. అడిగి అడిగి విసిగిస్తే ఒకాయన మాగ్నమ్ జగ్గు చూపించి, "ఇది క్లీన్‌గా ఉంది, ఇదే బాగుంది" అన్నాడు. ఇంకొకరు రెండూ ఒకటే పోసి ఆట పట్టిస్తున్నానన్నారు. పరిశోధనశాలల్లో మూడు గ్లాసులిచ్చి వేరేది ఏదో కనిపెట్టమంటారు, మావాళ్లు ఆ పరీక్షలో గల్లంతే. మ్యాచ్ సగమయ్యేసరికి మాత్రం ష్పాల్ట్ జగ్గు ఖాళీ అయింది, మాగ్నమ్ జగ్గులో ఇంకా మిగిలింది. నేను గర్వంగా ఆ సంగతి ఎత్తబోతే మా ఆవిడ అడ్డుకుంది. "అది మిరపకాయ బజ్జీల పక్కనుంది కాబట్టి అయిపోయింది, ఇది టీవీ వెనకాల ఉంది" అంది. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

కాబట్టి రుచిలో తేడా ఉందని నిరూపించానని చెప్పను. ఎవరికీ తెలియని తేడా కోసం నాలుగు రెట్లు పువ్వు ఎందుకు తగలెయ్యాలి అంటే, నా దగ్గరున్న జవాబు ఒక్కటే. ఈ బీరులు ఒక గుక్క తాగి మార్కులు వేయడానికి పుట్టలేదు. పిల్జెన్‌లో, ష్పాల్ట్‌లో జనం అర లీటరు గ్లాసులతో గంటల తరబడి కూర్చుంటారు. మూడో గ్లాసు దగ్గర చేదు విసుగనిపిస్తోందా, ఇంకొకటి చెబుదామనిపిస్తోందా అన్నదే వాళ్ల పరీక్ష. సిట్రా ఘుమఘుమ మొదటి గ్లాసుకి పండగ, మూడో గ్లాసుకి నాకు తలనొప్పి. ఇది నా ముక్కు సంగతి, మా తమ్ముడి ముక్కు ఇంకోలా చెబుతుంది.

ఖర్చు లెక్క కూడా తేల్చేస్తాను. నా పద్ధతిలో లీటరుకి నాలుగున్నర గ్రాముల సాజ్, అర లీటరుకి రెండుంబావు గ్రాములు. కిలో 10 యూరోలు అనుకుంటే రెండుంబావు సెంట్లు. హెర్క్యులస్ అయితే అర గ్రాముతో సరి, కిలో 5 యూరోలు వేసుకున్నా పావు సెంటు. తేడా గ్లాసుకి 2 సెంట్లు. తాగేవాడికి అది లెక్కలోకే రాదు. ఏడాదికి పది లక్షల హెక్టోలీటర్లు అమ్మే బ్రూవరీకి మాత్రం అది 40 లక్షల యూరోలు. పైగా పువ్వు పీల్చుకుని పోయే బీరు, గోదాము చల్లగా ఉంచడానికయ్యే కరెంటు అదనం. అకౌంటెంటు చెడ్డవాడేమీ కాదు, ఆ అంకె ముందు పెట్టుకుని కూర్చుంటే నేనూ బహుశా అదే చేసేవాణ్ణి. అందుకే ఈ పని ఆయన మంచితనానికి వదలకూడదంటాను.

నాకు కావాల్సింది సీసా మీద తోట బొమ్మ కాదు. ఏ హాప్, లీటరుకి ఎన్ని గ్రాములు, ఎప్పుడెప్పుడు వేశారు, ఈ మూడూ రాయండి. ఓస్వాల్డ్ క్లోను చిటికెడు వేసిన బీరు, నిన్న మొన్న పుట్టిన సాజ్ షైన్ నిండుగా వేసిన బీరు రెండూ పక్కపక్కన పెడితే నేను రెండోదే కొంటాను. జాటెట్స్‌లో కొందరు దీనికి నా మీద కోపగిస్తారేమో. ఆ 2 సెంట్లకి ఇంకో 8 కలిపి, గ్లాసుకి 10 సెంట్లు నా దగ్గరే ఎక్కువ తీసుకోండి. అందులో సగం, ఆల్ఫా తగ్గినా ధర కోయకుండా రైతుకి ఇవ్వండి.